తేదీకి విడుదలా, వాయిదానా, అర్లీ యాక్సెసా: ఏది మేలు?

గేమ్ తయారీ పూర్తికాలేదు, ప్రకటించిన తేదీ మాత్రం ముంచుకొచ్చింది. అప్పుడు స్టూడియో ముందు మూడు దార్లు ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు విడుదల చేసేసి తర్వాత ప్యాచ్‌లతో, అంటే తప్పులు సరిదిద్దే అప్‌డేట్లతో, బాగుచేసుకోవచ్చు. వాయిదా వేయచ్చు. లేదా "ఇది సగంలో ఉంది, ఇష్టమైతే ఇప్పుడే కొనుక్కోండి" అని చెప్పి అమ్మచ్చు. ఈ మూడోదాన్నే అర్లీ యాక్సెస్ అంటున్నారు. డబ్బు పెట్టి కొనేవాళ్ల వైపు నుంచి చూసినా, పగలూ రాత్రీ కూర్చుని గేమ్ తయారుచేసేవాళ్ల వైపు నుంచి చూసినా నా ఓటు మూడోదానికే.

మొదటి దారి సంగతి సైబర్‌పంక్ 2077 చెబుతుంది. పోలండ్ రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ స్టూడియో ఈ గేమ్‌ని 2012లో ప్రకటించింది. విడుదల 2020 ఏప్రిల్ 16న అన్నారు. అది సెప్టెంబరు 17కి జరిగింది, అక్కణ్నుంచి నవంబరు 19కి, చివరికి డిసెంబరు 10కి. ఆఖరి వాయిదాకి మూడు వారాల ముందే గేమ్ 'గోల్డ్' అయిందని, అంటే డిస్కులు ముద్రించడానికి మాస్టర్ కాపీ సిద్ధమైందని చాటారు. ఆ తర్వాత మరో 21 రోజులు కావాలన్నారు. తొమ్మిది వెర్షన్లను ఒకేసారి పరీక్షించాల్సి వస్తోందని, అందరూ ఇళ్ల నుంచి పనిచేస్తున్నారని కారణం చెప్పారు.

లోపల పనిచేసేవాళ్లకి ఈ వాయిదాలు ఏం చేశాయో చూడాలి. బలవంతపు ఓవర్‌టైమ్ ఉండదని 2019లో మాటిచ్చిన యాజమాన్యం 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజుల పనిని తప్పనిసరి చేసింది. ఈ రంగంలో దీన్ని క్రంచ్ అంటారు. నవంబరు దాకా ఓర్చుకుంటే చాలనుకున్నవాళ్ల నెత్తిన ఇంకో మూడు వారాలు పడ్డాయి. అందుకే చిన్న చిన్న వాయిదాలంటే నాకు బొత్తిగా నమ్మకం లేదు. వాటివల్ల గేమ్ బాగుపడేది తక్కువ, క్రంచ్ పెరిగేది ఎక్కువ.

ఇంత చేసినా డిసెంబరు 10న ఏమైంది? మంచి పీసీ ఉన్నవాళ్లు చాలావరకు గట్టెక్కారు. సోనీ వాళ్ల పాత గేమింగ్ కన్సోల్ పీఎస్4 మీద మాత్రం కారు కాస్త వేగంగా పోనిస్తే చాలు, ఎదురుగా ఉన్న భవనాలు ముద్దముద్దగా కనిపించి, దగ్గరికి వెళ్లాక ఎప్పటికో రూపం తెచ్చుకునేవి. ఖాళీగా ఉన్న రోడ్డు మీద మనుషులు ఉన్నట్టుండి ఊడిపడేవారు. ఆట మధ్యలో గేమ్ మొత్తం మూసుకుపోయేది. మనం కదిలినకొద్దీ గేమ్ తన నగరాన్ని ముక్కలుముక్కలుగా హార్డ్ డిస్క్ నుంచి తెచ్చుకోవాలి, ఆ పాత డిస్క్‌కి అంత వేగం లేదు. సమీక్షకులకు ముందుగా ఇచ్చినవి పీసీ కాపీలే కాబట్టి ఈ సంగతి ముందు బయటికి పొక్కలేదు. నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఇదే. అప్పటికే 80 లక్షల ముందస్తు కొనుగోళ్లు జరిగిపోయాయి. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో.

"చివరికి బాగుచేశారు కదా" అనేవాళ్లున్నారు. నిజమే, 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 ప్యాచ్ తర్వాత అది గొప్ప గేమ్. కానీ ఆ ప్యాచ్ పీఎస్4కి రాలేదు, అక్కడ పెద్ద అప్‌డేట్లు 1.6తోనే ఆగిపోయాయి. ఎవరు ఎక్కువ నష్టపోయారో వాళ్లకే ఆ బాగు అందలేదు. నో మ్యాన్స్ స్కై కథ దీనికంటే నయం. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో చిన్న బృందం చేసిన ఆ గేమ్ 2016లో బోలెడు మాటలు నిలబెట్టుకోకుండానే వచ్చింది. అయితే ఏళ్ల తరబడి పెద్ద పెద్ద అప్‌డేట్లన్నీ ఉచితంగా ఇచ్చి ఆ బాకీ తీర్చుకున్నారు.

ఇక పెద్ద వాయిదా. నాణ్యత ఒక్కటే చూస్తే దీనికి తిరుగులేదు. హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ని ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ముగ్గురు మనుషుల స్టూడియో టీమ్ చెర్రీ 2019లో ప్రకటించి 2025 సెప్టెంబరు 4న ఇచ్చింది. మొదటి గేమ్ హాలో నైట్ డబ్బు చేతిలో ఉంది, లెక్క అడిగే వాటాదార్లు లేరు. మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థ కూడా హాలో ఇన్ఫినిట్‌ని ఏడాదికి పైగా ఆపగలిగింది. పబ్లిషర్ విడతలుగా ఇచ్చే డబ్బుతో జీతాలిచ్చే స్టూడియోకి ఆ వెసులుబాటు ఎక్కడిది? పైగా ఆలస్యమైనంత మాత్రాన మంచి గేమ్ వస్తుందనీ లేదు. 1997లో ప్రకటించిన డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ 2011లో వచ్చి ఉసూరుమనిపించింది.

మూడో దారికి నా సాక్ష్యం బాల్డర్స్ గేట్ 3. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2020 అక్టోబరులో మొదటి అంకాన్ని మాత్రమే అర్లీ యాక్సెస్‌లో పెట్టింది. దాదాపు మూడేళ్లు జనం ఆడారు, లోపాలు చూపించారు. విల్ అనే పాత్రను కొత్తగా రాశారు, గొంతు కూడా మార్చారు. 2023 ఆగస్టు 3న పూర్తి గేమ్ వచ్చాక తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. అన్నేళ్లు జనం చేతుల్లో నలిగిన మొదటి అంకం నున్నగా సాగింది. ఎవరూ ముందుగా ఆడని మూడో అంకంలో, నగరంలోకి అడుగుపెట్టగానే గేమ్ నెమ్మదించింది, కథ హడావిడిగా ముగిసినట్టు తోచింది. సరైన ముగింపు ఘట్టం ఆ నవంబరు ప్యాచ్‌లో గానీ రాలేదు. ఒకే స్టూడియో, ఒకే గేమ్, తేడా మాత్రం ముందుగా జనం ముందు పెట్టడంలోనే ఉందని నా నమ్మకం.

ఇందులోనూ మోసపోయేవాళ్లున్నారు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 2023 ఫిబ్రవరిలో 50 డాలర్లకి అర్లీ యాక్సెస్‌లో వచ్చింది. కాలనీలు, నలుగురూ కలిసి ఆడే మల్టీప్లేయర్ వస్తాయన్నారు, అవేవీ రాకుండానే మరుసటి ఏడాది స్టూడియో మూతపడింది. రాబోయేవాటి జాబితా చూసి కొన్నవాళ్లకి నష్టం. అందుకే అర్లీ యాక్సెస్ గేమ్ కొనేముందు, పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో దాని పేజీ మీద తయారీదార్లు రాసే జవాబులు చదవండి, ముఖ్యంగా ఇప్పుడు గేమ్‌లో ఏమేం ఉన్నాయన్నది. ఇవాళ ఉన్నదానికి ఆ ధర సరిపోతుందనిపిస్తేనే కొనండి. నచ్చకపోతే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వాపసిస్తుంది. ఏడాదికి పైగా అప్‌డేట్ లేని అర్లీ యాక్సెస్ గేమ్‌కి ఆ సంగతి పేజీ మీదే ఇప్పుడు హెచ్చరికగా చూపిస్తోంది కూడా.