ఒకే పలక, నలుగురి ఉలులు: ఉమ్మడి ముద్రణ స్టూడియోపై నా సమీక్ష

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీదున్న ఉమ్మడి స్టూడియోలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. నెల చందా కట్టిన వాళ్లందరికీ ప్రెస్సు, రోలర్లు, ప్రతులు ఆరవేసే తీగలు ఉమ్మడి. సొంతంగా ప్రెస్సు కొనలేని నాలాంటివారు చేరడానికి అది చాలు. నేను మానకుండా ఉండటానికి కారణం వేరు: నలుగురం కలిసి ఒకే లినోలియం (ఉలికి మెత్తగా తెగే నేలపరుపు షీటు) పలక మీద బొమ్మ చెక్కి అచ్చు తీయడం.

మాది రిడక్షన్ పద్ధతి. ముందు లేత రంగు అద్ది ప్రతులన్నీ తీస్తాం. తర్వాత అదే పలకను మరికొంత చెక్కి, అవే కాగితాల మీద ముదురు రంగు వేస్తాం. చెక్కేసిన భాగం తిరిగి రాదు కాబట్టి, 20 ప్రతులు కావాలంటే మొదటి రంగు నాడే 20 కాగితాలు, పాడయ్యేవాటికి బదులుగా మరికొన్ని ఉండాలి. రంగుకొకరు చెక్కుతాం. చేపల రేవు బొమ్మలో నేను ముచ్చటపడి ఉంచిన పడవల వరుసను తర్వాతి ఆయన సగానికి పైగా చెక్కేశారు. నాకు ఒళ్లు మండింది. అచ్చు తీస్తే ఆ పడవలు కింది లేత పసుపులోనే మిగిలి, ఎండ పడినట్టు వెలిగాయి. ఒప్పుకోక తప్పలేదు.

అయితే చివరి ముదురు రంగు ఎవరిదో పెత్తనం వారిదే. అందుకే వరుసను చీట్లు వేసి తేల్చుకుంటున్నాం. జపాన్‌లో ఉకియో-ఎ అనే పాతకాలపు చెక్క అచ్చు బొమ్మల్లో గీసేవారు, చెక్కేవారు, అచ్చు వేసేవారు వేరువేరు. జనానికి గుర్తున్నది హొకుసాయిలాంటి చిత్రకారుల పేర్లే. మేం మాత్రం ఒక్కో ప్రతి కిందా నలుగురం సంతకం చేస్తాం, అంచు చాలకపోయినా సరే.

లోపాలూ తక్కువేమీ కాదు. వానాకాలంలో నూనె సిరా ఓ పట్టాన ఆరదు, రెండో రంగు కోసం రోజుల తరబడి చూడాలి. ఉప్పు గాలికి ప్రెస్సు ఇనుము తుప్పు పడుతుంది. నూనె గుడ్డతో తుడవాలని గోడ మీద రాసి ఉంది, తుడిచేది ఇద్దరమే. టర్పెంటైన్ వాసన పోయేందుకు ఫ్యాను పెట్టమని అడిగి అడిగి విసిగిపోయాం. రోలర్లు కడిగే వంతు మీద జరిగినంత చర్చ ఏ బొమ్మ మీదా జరగలేదు.

ఒంటరిగా పనిచేసుకోవాలంటే ఉదయమే వెళ్లండి, సాయంత్రం కాలు పెట్టే చోటుండదు. ఉలులు మాత్రం సొంతవి తీసుకెళ్లండి. అక్కడివాటికి పదును ఉండదు.