ఒక పామా, రెండు పాములా: మెడికల్ బ్యాడ్జికి ఏ గుర్తు?

సికింద్రాబాద్‌లో మెడికల్ క్యాంపు వాలంటీర్లకు బ్యాడ్జి కుట్టించేటప్పుడు కేటలాగ్‌లో రెండూ కనిపిస్తాయి. రెండూ వైద్య గుర్తులే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

అస్క్లీపియస్ దండం: మోటు కర్ర, ఒకే పాము, రెక్కలుండవు. గ్రీకుల వైద్య దేవుడిది. కుబుసం విడిచే పాము కోలుకోవడానికి సంకేతం.

కడ్యూసియస్: రెక్కల కర్ర, రెండు పాములు. దేవతల దూత హెర్మీస్‌ది. అతను వర్తకులకు దేవుడు. 1902లో అమెరికా సైన్యం దీన్ని తన వైద్య విభాగానికి తీసుకుంది. నేటి గందరగోళం చాలావరకు అక్కడిదే.

మన ఆర్మీ మెడికల్ కోర్ బ్యాడ్జిలో ఉన్నది ఒకే పాము, చుట్టూ ఆకుల దండ, కింద ‘సర్వే సంతు నిరామయాః’. ప్రపంచ ఆరోగ్య సంస్థదీ ఒకే పామే.

ఖర్చు: కంప్యూటర్ ఎంబ్రాయిడరీకి కుట్ల లెక్కన ధర. రెక్కలు, రెండో పాము కుట్లు పెంచుతాయి.
పని: అంగుళం బ్యాడ్జిలో రెండు పాములు దాటే చోట దారం ముద్దకట్టి, పాము తాడులా కనిపిస్తుంది. ఒకే పాముకు మూడు చుట్లు చాలు, తల విడిగా తెలియాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. పైన నాలుగు సింహాలు పెడితే 2005 నాటి రాజచిహ్న చట్టం, ఎర్ర శిలువ పెడితే 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం అడ్డొస్తాయి. పాము ఏదైనా ఈ రెండూ వద్దు.

క్యాంపుకు, క్లినిక్‌కు, అంబులెన్సుకు ఒకే పాము. అమెరికా సైనిక వైద్యుల యూనిఫాం నాటకానికో ప్రదర్శనకో కావాలంటేనే రెండు పాములు.