ఇంట్లో చదివే ప్లంబింగ్ కోర్సు: పనిలో దిగి నాలుగేళ్లు దాటాక నా రివ్యూ

ఈ కోర్సు తీసుకోవాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను. తెలిసిన ప్లంబింగ్ మేస్త్రీ ఎవరైనా ఉండి, మిమ్మల్ని వెంట తీసుకెళ్లి పని చేయిస్తానంటేనే డబ్బు కట్టండి. అలాంటి మనిషి దొరక్కపోతే ఆగండి. కోర్సు చెడ్డదని కాదు, అందులో చెప్పినదానికి విలువ సైట్ మీదకు వెళ్లాకే వస్తుంది, సైట్ లేకపోతే పుస్తకాలు అటకెక్కుతాయి.

నేను హనుమకొండలో డీటీపీ, జిరాక్స్ షాపు నడిపేవాణ్ని. పెళ్లి పత్రికల దగ్గర్నుంచి దరఖాస్తుల దాకా అన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాక షాపు అద్దె కూడా గిట్టుబాటు కాలేదు. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు, రోజూ వెళ్లాలి, ఇద్దరు పిల్లల్ని చదివించేవాడు ఏడాది పాటు సంపాదన మానుకుని ఎలా కూర్చుంటాడు? అందుకే పోస్టులో పుస్తకాలు, ఫోన్‌లో వీడియోలు, చివర్లో కొన్ని రోజుల ప్రాక్టికల్ క్యాంపు ఉండే ఒక ప్రైవేట్ కోర్సులో చేరాను. ఫీజు పదిహేను వేల పైనే, వాయిదాల్లో కట్టనిచ్చారు. సంస్థ పేరు ఇక్కడ రాయను.

థియరీ మాత్రం నిజంగా బాగుంది, ఈ మాట గట్టిగా చెప్తాను. నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే కింద దాదాపు ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే లెక్క) ప్రెషర్ వస్తుందన్న ఒక్క లెక్క నాకు ఎన్ని పనులు తెచ్చిపెట్టిందో! పై అంతస్తులో షవర్ సన్నగా వస్తోందని పిలుస్తారు, వెళ్లేసరికి షవర్ హెడ్ మార్చేసి, పైపు శుభ్రం చేయించి, విసిగిపోయి ఉంటారు. టేపు పెట్టి కొలిస్తే ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య ఎత్తు రెండు మీటర్లే ఉంటుంది, అంటే 0.2 బార్, ఎంత ఖరీదైన షవర్ పెట్టినా అంతకుమించి రాదు. ట్యాంకైనా పైకి లేపాలి, ప్రెషర్ పంపైనా పెట్టాలి. ఇది కస్టమర్‌కు కాగితం మీద గీసి చూపిస్తే వెంటనే అర్థమవుతుంది, నమ్మకం కుదురుతుంది. బాత్రూం వాసన సంగతీ అంతే. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో వాడకుండా వదిలేసిన బాత్రూం ఒకటి ఉంటుంది, అందులో నుంచి కంపు వస్తోందని యాసిడ్లు, ఫినాయిళ్లు పోస్తుంటారు. నహానీ ట్రాప్‌లో, అంటే బాత్రూం నేలలో నీళ్లు దిగే జాలీ కింది గిన్నెలో, నిలవాల్సిన 50 మిల్లీమీటర్ల నీళ్లు ఎండిపోవడమే అక్కడ కారణం, డ్రైనేజీ గాలిని ఆపేది ఆ నీళ్లే. మగ్గుడు నీళ్లు పోసి, వారానికోసారి ఇలాగే పోయండి అంకుల్ అని చెప్పి వస్తాను, దానికి డబ్బు తీసుకోను. ఆ ఇళ్ల నుంచే తర్వాత మోటారు పనులు, గీజర్ పనులు వచ్చాయి.

సిలబస్ పాతది. జీఐ (జింకు పూత ఇనుప) పైపుకు మర కోయడం మీద పేజీలకు పేజీలు ఉన్నాయి, వేడినీళ్లను తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ మీద మాత్రం నాలుగు బొమ్మలు పెట్టి వదిలేశారు. ఇప్పుడు నేను వెళ్లే ఇళ్లలో లోపలి లైన్లు చాలావరకు సీపీవీసీ, లేదంటే చల్లనీళ్లకు వేసే ప్లాస్టిక్ పైపు యూపీవీసీలే. ఈ రెండింటికీ ముప్పావు ఇంచి అని ఒకే పేరున్నా బయటి కొలత వేరు, ఒకదాని ఎల్బో (మలుపు ముక్క) ఇంకోదానికి ఎక్కదు, అతికించే సొల్యూషన్ కూడా వేరు వేరుగానే వాడాలి. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల లైన్‌కు యూపీవీసీ వేయకూడదు, మెత్తబడి జాయింట్ల దగ్గర వదిలేస్తుంది. ఇంత అవసరమైన విషయాలు నేను పుస్తకంలో కాదు, హార్డ్‌వేర్ షాపు కౌంటర్ దగ్గరా, మా మేస్త్రీ దగ్గరా నేర్చుకున్నాను.

ఆయన గురించి చెప్పాలి. మా బావమరిది వాళ్ల కాలనీలో ఇళ్లన్నీ ఆయన చేసినవే. నన్ను హెల్పర్ కూలీకి పెట్టుకున్నాడు, నలభైకి దగ్గర పడిన మనిషినని ఏ రోజూ తక్కువగా చూడలేదు. కన్సీల్డ్ డైవర్టర్, అంటే వేడి, చల్ల నీళ్లు కలిపి షవర్‌కో కుళాయికో మళ్లించే, గోడ లోపల దాగే వాల్వు, పెట్టే పని ఎలా ఉంటుందో చూడండి. వీడియోలో గోడకు గాడి కొట్టి, బాడీ కూర్చోబెట్టి, ఎడమ పక్క వేడి, కుడి పక్క చల్ల కలిపితే అయిపోయింది. సైట్‌లో ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు, టైల్ ఎంత మందం కొంటారో ఇంటాయనకే తెలియదు, గోడేమో తిన్నగా లేదు. డైవర్టర్ మీద వచ్చే ప్లాస్టిక్ కవర్‌కు రెండు గీతలు ఉంటాయి, పూర్తయిన టైల్ ముఖం ఆ రెండు గీతల మధ్యకు రావాలి. మరీ లోపలికి పోతే పైన హ్యాండిల్ అందదు, బయటికి వస్తే ప్లేటు గోడకు ఆనదు. "తమ్మీ, పైపు తర్వాత, ముందు టైల్ ముక్క తెప్పించు" అన్నాడు. టైల్ ముక్కను, దాని వెనక సిమెంటు మందానికి ఇంకో ముక్కను గోడకు ఆనించి, దారం లాగి, అప్పుడు బాడీ పెట్టి మేకులతో బిగించాడు. తర్వాత లైన్ మొత్తం నింపి, చేత్తో కొట్టే టెస్టింగ్ పంపుతో ప్రెషర్ ఎక్కించి, దాని మీటరు ముల్లు దిగకుండా రాత్రంతా నిలబడిందని చూశాకే గాడి మూయనిచ్చాడు. "తొందరేముందన్నా" అని ఇంటాయన మీద కేకలేసి మరీ ఆపాడు. ఈ పద్ధతి ఏ వీడియోలోనూ లేదు.

క్యాంపు నిరాశపరిచింది. ఒక బల్ల, నాలుగు పైపు ముక్కలు, చుట్టూ ముప్పై మందిమి, పానా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వచ్చేలోపు రోజు గడిచిపోయేది. మా ఫీజుకు అది అన్యాయం, ఇదే మాట వాళ్లకు రాతపూర్వకంగా ఇచ్చాను. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని చేర్చుకునేటప్పుడు రోజూ ఫోన్ చేసినవాళ్లు కోర్సయ్యాక ఎత్తడమే మానేశారు.

సర్టిఫికెట్ విషయంలో జాగ్రత్త. ఇళ్లలో రిపేర్లకు ఎవరూ సర్టిఫికెట్ అడగరు. కానీ ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్తే, సంస్థ సొంతంగా ముద్రించి ఇచ్చిన కాగితం చెల్లదన్నారు. ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (నైపుణ్యాలకు కేంద్రం పెట్టిన జాతీయ స్థాయిల పద్ధతి) స్థాయి రాసి ఉన్న సర్టిఫికెట్ కావాలన్నారు. ఇప్పటికే పని తెలిసినవాళ్లకు ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) అని ఒక దారి ఉంది, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, పని చేయించి చూసి సర్టిఫికెట్ ఇస్తారు. నేను చివరికి అలాగే తెచ్చుకున్నాను. ఫీజు కట్టకముందే వాళ్లిచ్చే సర్టిఫికెట్ నమూనా వాట్సాప్‌లో తెప్పించుకుని, దాని మీద ఎన్‌ఎస్‌క్యూఎఫ్ స్థాయి ఉందో లేదో చూడండి. క్యాంపులో ఎంతమందికి ఒక బల్ల ఇస్తారో కూడా అడగండి, సూటిగా జవాబు రాకపోతే అక్కడ చేరకండి.

కోర్సుతో పాటు వచ్చే టూల్ కిట్ కోసం అదనంగా డబ్బు కట్టొద్దు. మంచి పైపు కట్టర్, రెండు సైజుల పానాలు, రసమట్టం, టేపు విడిగా కొనుక్కుంటే మొదట్లో సరిపోతాయి. టెస్టింగ్ పంపు మాత్రం అద్దెకు తెచ్చుకోండి, సొంత పనులు పట్టడం మొదలయ్యాక కొనొచ్చు.