పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా: రెండు బాటల మీద ఎనిమిది రోజులు

కార్లతో దాదాపు సంబంధం లేకుండా పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ నగరం దాకా సుమారు 540 కిలోమీటర్లు సైకిలు మీద వెళ్ళవచ్చునని విన్నప్పుడు నేను అంతగా నమ్మలేదు. నమ్మించింది మా అన్నయ్య. అరవై దాటిన మనిషి, మోకాలు అంతంతమాత్రం, పక్కనుంచి లారీ దూసుకుపోతే హ్యాండిల్ వణికిపోయే స్వభావం. అటువంటి ఆయనే "ఈ దారైతే నేనూ వస్తానురా" అన్నాక కాదనడానికి నాకు కారణం కనబడలేదు. అక్టోబరు మొదటివారంలో బయలుదేరి, తొందరపడకుండా ఎనిమిది రోజుల్లో పూర్తిచేశాం.

ఇది నిజానికి రెండు బాటలు కలిసిన ప్రయాణం. మొదటి 240 కిలోమీటర్లు గ్రేట్ అలెగెనీ పాసేజ్. రైళ్ళు ఆగిపోయిన పాత మార్గాల మీద, నలగ్గొట్టిన సున్నపురాయి పరిచి, మేరీలాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ దాకా వేసిన బాట అది. మిగిలిన 297 కిలోమీటర్లు చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు, అంటే ఒకప్పుడు కంచరగాడిదలు సరుకు పడవలను తాళ్ళతో లాగుకుపోయిన దారి. రెండింటి మీదా నడిచేవారికీ సైకిళ్ళకూ రుసుము లేదు. కార్లకు, మోటారుసైకిళ్ళకు రెండింటి మీదా ప్రవేశం లేదు. అయినా ఒకదాని మీద నుంచి మరొకదాని మీదకు దిగిన గంటలోనే తేడా అరచేతులకూ నడుముకూ తెలిసిపోతుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే మిగిలిన దారంతా మా మాటలకు విషయమైంది.

పాసేజ్ మీద ఎక్కడమన్నది ఉందని కాలికి తెలియదు. పిట్స్‌బర్గ్ వైపు నుంచి సుమారు 200 కిలోమీటర్లు మెల్లగా, ఎంతో మెల్లగా లేస్తూ, సముద్రమట్టానికి 729 మీటర్ల ఎత్తున ఉన్న తూర్పు జలవిభాజక రేఖను, అంటే వాననీరు ఒక పక్క అట్లాంటిక్ వైపుకు, మరో పక్క మెక్సికో సింధుశాఖ వైపుకు విడిపోయే మిట్టను చేరుతుంది. ఆవిరి యంత్రం లాగగలిగిన వాలు మా అన్నయ్య మోకాలికీ సరిపోయింది. ఆ రేఖ దాటిన కొద్దిసేపటికే బిగ్ శావేజ్ సొరంగం వస్తుంది. పొడవు కిలోమీటరు, లోపల దీపాలున్నాయి, నేల చదునుగా ఉంది, ఎదురుగా వచ్చేవారి ముఖాలు కనబడతాయి. చలికాలంలో మంచు గడ్డకట్టి లోపలి కట్టడం దెబ్బతినకుండా తలుపులు మూసివేస్తారు కనుక, డిసెంబరు నుంచి ఏప్రిల్ తొలిరోజుల దాకా ఈ దారి పెట్టుకోకూడదు. సొరంగం తరువాత కంబర్లాండ్ దాకా సుమారు 35 కిలోమీటర్లు కేవలం దిగుడే.

సౌకర్యాల సంగతికి వస్తే, ఈ బాట పక్కనున్న చిన్న ఊళ్ళు బాటను నమ్ముకుని బతకడం నేర్చుకున్నాయి. కానెల్స్‌విల్, ఒహాయోపైల్, కన్‌ఫ్లుయెన్స్, రాక్‌వుడ్, మయర్స్‌డేల్ ఒకదాని తరువాత ఒకటి రోజు ప్రయాణానికి తగిన దూరాల్లోనే తగులుతాయి. సైకిలు దుకాణాలు, గాలి పంపుతో సహా పనిముట్లు తగిలించిన మరమ్మతు స్తంభాలు, సామాను ముందు ఊరికి చేర్చే వాహనాలు దొరుకుతాయి. కానెల్స్‌విల్‌లో మూడువైపుల గోడలున్న కలప షెడ్లలో ఉచితంగా పడుకోవచ్చు. మేము ఒక రాత్రి అలాగే గడిపాం, చలిని తట్టుకునే పక్కబట్ట ఉంటే లోటేమీ లేదు. మరొక ఊళ్ళో మాత్రం బస ఇచ్చినవారు సైకిళ్ళను లోపల పెట్టనివ్వక, ఆరుబయట కంచెకు కట్టుకోమన్నారు. అన్నయ్య రాత్రి మూడుసార్లు లేచి కిటికీలోంచి చూసుకున్నాడు. గది తీసుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె కాదు, సైకిలు ఎక్కడ పెట్టాలన్నది.

ఈ బాట ఒక్కసారిగా పుట్టలేదు. 1986లో ఒహాయోపైల్ దగ్గర కొన్ని మైళ్ళతో మొదలై, పిట్స్‌బర్గ్ నడిబొడ్డును అందుకున్న చివరి ముక్క 2013లో గాని పూర్తికాలేదు. ఇటువంటి పొడుగాటి బాటలు అమెరికాలో సాధ్యపడటానికి 1983లో చేసిన ఒక చట్టసవరణ పెద్ద ఆధారం. రైలు కంపెనీ ఒక మార్గాన్ని వదులుకోదలచినప్పుడు ఆ నేల ముక్కలుచెక్కలై పక్క భూముల్లో కలిసిపోకుండా, ఎప్పటికైనా రైలు తిరిగి రావచ్చునన్న షరతుతో దాన్ని బాటగా నిలిపి ఉంచే వీలు అది కల్పించింది. ఒకసారి తెగిన దారిని మళ్ళీ కలపడానికి ఎకరం ఎకరం కొనాలి; తెగకుండా కాపాడుకోవడానికి ఒక్క కాగితం చాలు. ఎక్కడివారైనా ముందుగా అడగవలసినది ఈ కాగితమేనని నా అభిప్రాయం.

బాట మంచిదైనంత మాత్రాన ప్రమాదం పోదు. అది దాక్కునే చోటు బాటకూ రోడ్డుకూ మధ్య అతుకు. ఒక ఊరి దగ్గర బాట రోడ్డును దాటేచోట తెల్లగీతలు అరిగిపోయి ఉన్నాయి, మలుపులోంచి వచ్చే కారుకు ముందస్తు హెచ్చరిక లేదు. నాలుగు రోజులుగా వాహనాల ధ్యాస లేని అలవాటులో అన్నయ్య ఆగకుండా ముందుకు పోయాడు. బ్రేకు కీచుమన్న చప్పుడు, ఆపైన ఒక హారన్. ఎవరికీ ఏమీ కాలేదు గాని, ఆ తరువాత చాలాసేపు ఆయన సైకిలు నడిపించుకుంటూనే వచ్చాడు. వందల కిలోమీటర్ల బాటను ఒకరు వాడతారా లేదా అన్నది అటువంటి పది మీటర్ల మీద ఆధారపడి ఉంటుంది. పిల్లలతో వచ్చేవారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు బాట అంతటినీ దాని అతి చెడ్డ దాటుడు చోటుతోనే కొలుస్తారు.

కంబర్లాండ్ దగ్గర కాలువ గట్టు మీదకు దిగాం. అందంలో ఇదే మిన్న అని నిస్సంకోచంగా చెబుతాను: ఒక పక్క పొటోమాక్ నది, మరో పక్క నీరు తగ్గి చెట్లు మొలిచిన పాత కాలువ, మధ్యమధ్య పడవలను ఎత్తి దించి సాగనిచ్చిన రాతి లాకులు. మొత్తం 74 లాకులు. 1828లో మొదలుపెట్టిన కాలువ 1850లో కంబర్లాండ్ చేరింది. 1924 వరద తరువాత పడవలు ఆగిపోయాయి. నేల మాత్రం చాలాచోట్ల ఉత్త మట్టి. ముందురోజు వాన పడటంతో టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య బురద బిగుసుకుని చక్రం తిరగడం మానేసింది. 45 కిలోమీటర్ల తరువాత పా పా సొరంగం వచ్చింది. 950 మీటర్లు, కట్టడానికి పద్నాలుగేళ్ళు పట్టిన ఇటుక పని, లోపల ఒక్క దీపం లేదు. సన్నటి దారి, పక్కన కర్ర కమ్మీ, దాని అవతల నల్లటి నీరు. దిగి నడిపించుకుంటూ వెళ్ళవలసిందే, టార్చి తప్పనిసరి. మూడు రోజుల ముందటి బిగ్ శావేజ్ వెలుతురు ఇద్దరికీ గుర్తుకు వచ్చింది.

ఈ గట్టు ఇంకా ఉండటమే ఒక పోరాట ఫలితం. 1950లలో దీని మీద మోటారు రహదారి వేయాలన్న ప్రతిపాదనను వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సమర్థించగా, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులనే తనతో నడవమని పిలిచాడు. 1954 మార్చిలో, 55 ఏళ్ళ వయసులో, కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా ఎనిమిది రోజులు నడిచాడు. పత్రిక తన మాట మార్చుకుంది. 1971లో ఇది జాతీయ చారిత్రక పార్కు అయింది. మాకు సైకిళ్ళ మీద మొత్తం దారికి పట్టిన రోజులు ఆయనకు కాలినడకన ఈ గట్టుకు పట్టాయి. అది చదివి అన్నయ్య ఇక మోకాలి సంగతి ఎత్తలేదు.

కాపాడుకున్న దాన్ని బాగుచేసుకోవడం మరో పని, దానికి డబ్బు రావడం మరీ కష్టం. 1991 నుంచి అమెరికా సమాఖ్య రవాణా నిధుల్లో నడక, సైకిలు బాటలకు వాటా ఉంది. 2021 మౌలిక వసతుల చట్టం ఆ వాటాను బాగా పెంచింది కూడా. కాని ఆ నిధిని కొత్త నిర్మాణానికి వాడవచ్చు గాని, రోజువారీ నిర్వహణకు సాధారణంగా వాడకూడదు. ఆ పనికి పనికివచ్చేది అందులో ఒక భాగమైన వినోద బాటల పథకం మాత్రమే. గీతలు తిరిగి వేయడం, పడిన చెట్టు తీయడం, కొట్టుకుపోయిన గట్టు నింపడం స్థానిక సంస్థల మీద, స్వచ్ఛంద సేవకుల మీద పడతాయి. రిబ్బను కత్తిరించడానికి నిధి దొరికినంత సులభంగా గుంత పూడ్చడానికి దొరకదు. బాటలకోసం అడిగేవారు కిలోమీటర్ల లెక్కతో పాటు ఏటేటా నిర్వహణ పద్దు కూడా రాతపూర్వకంగా అడగాలని ఆ బురదలో నాకు గట్టిగా అనిపించింది.

హ్యాన్‌కాక్ ప్రాంతంలో కాలువకు సమాంతరంగా తారు వేసిన వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రయల్ ఉంది. సుమారు 45 కిలోమీటర్లు. వాన తరువాత నిస్సందేహంగా దాని మీదకు మారండి. అన్నయ్య ఆ రోజు నన్ను దాటిపోయాడు.

గట్టు మీద బసలు వేరే తరహా. కొద్ది మైళ్ళకొకటి చొప్పున ఉచిత గుడారపు స్థలాలు, చాలాచోట్ల బల్ల, మరుగుదొడ్డి, చేతిపంపు ఉంటాయి. నీటిని అయొడిన్‌తో శుద్ధిచేస్తారు, ఆ రుచి నాలుకను వదలదు; పైగా చలికాలంలో పంపులు కట్టేస్తారు. కాలువ ట్రస్టు కొన్ని పాత లాకు కాపరుల ఇళ్ళను రాత్రి బసకు అద్దెకిస్తోంది. మేము దిగినదానిలో కరెంటు లేదు, నీరు బయటి నుంచి తెచ్చుకోవాలి, అయినా ప్రయాణం మొత్తంలో సుఖంగా నిద్రపట్టిన రాత్రి అదే. కంబర్లాండ్, హ్యాన్‌కాక్‌ల మధ్య దుకాణాలు అరుదు, చాలాచోట్ల ఫోను పలకదు. రెండు ట్యూబులు, గొలుసు లింకు దగ్గర లేకుండా అటు దిగకండి.

వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్‌లో, కాలువ గట్టు లెక్క మొదలయ్యే సున్నా మైలురాయి ఒక పడవల షెడ్డు వెనక ఉంది. మేము దాన్ని దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చాం. వాషింగ్టన్ నుంచి పిట్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చే ఆమ్‌ట్రాక్ (అమెరికా ప్రయాణికుల రైలు సంస్థ) రైలులో సైకిలును విప్పకుండానే ఎక్కించవచ్చు. చోటు కొద్ది సైకిళ్ళకే కనుక, బస కంటే ముందు ఆ టిక్కెట్టు తీసుకుని, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసుకుని ప్రయాణం మొదలుపెట్టండి.