అండకణంలో ఆక్టిన్ చూడటానికి ఫాలోయిడిన్: అంచుకి భేష్, లోపలి వలకి జాగ్రత్త

ఏళ్ల తరబడి చిట్టెలుక అండకణాల మీద వాడాక తేలింది ఇది: కణం అంచు చూడటానికి ఫాలోయిడిన్‌కి (ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువులకి అతుక్కుని, తగిలించిన రంగుతో వాటిని మెరిపించే పదార్థం) సాటి లేదు, లోపలి సన్నని ఆక్టిన్ వల విషయంలో మాత్రం తేలిగ్గా మోసపోతాం.

రెండో మెటాఫేజ్‌లో (అండకణం ఫలదీకరణ కోసం ఆగి ఉండే విభజన దశ) స్పిండిల్ (క్రోమోజోముల్ని పంచే కదురులాంటి నిర్మాణం) పక్కనున్న అంచు మీద ఆక్టిన్ మందంగా టోపీలా పేరుకుంటుంది, అక్కడ మైక్రోవిల్లై (కణం పైన వేళ్లలా పొడుచుకొచ్చే సన్నని భాగాలు) ఉండవు. ఇది మొదటి ప్రయత్నంలోనే అందంగా దొరుకుతుంది.

అసలు చిక్కు ఫార్మిన్-2, స్పైర్ ప్రోటీన్లు అల్లే వలతో. మొదటి మియోసిస్‌లో (క్రోమోజోముల సంఖ్యని సగానికి తగ్గించే విభజన) స్పిండిల్ మధ్య నుంచి అంచుకి చేరేది దాని సాయంతోనే. కానీ అంచు మెరుపు ముందు దాని మెరుపు ఏపాటిది? అంచు సాచురేట్ కాకుండా (మరీ తెల్లగా కాలిపోకుండా) మైక్రోస్కోప్ గెయిన్ (మెరుపుని పెంచి చూపే సెట్టింగ్) పెడితే లోపలంతా నల్లగా ఉంటుంది, 'వల లేదు' అని రాసేసుకుంటారు. లోపలి భాగానికి వేరే సెట్టింగ్‌తో ఇంకో చిత్రం తీయాలి. అంచు తెల్లగా కాలిపోయినా ఫర్వాలేదు.

ఫిక్సేషన్‌లో (కణాన్ని రసాయనాలతో ఉన్నదున్నట్టు నిలిపే దశ) మిథనాల్ తగలకూడదు, తగిలితే ఫాలోయిడిన్ అతుక్కునే నిర్మాణమే చెడుతుంది. మామూలు ఫార్మలిన్‌లో స్థిరత్వం కోసం మిథనాల్ కలుపుతారు, కాబట్టి సీసా మీద 'మిథనాల్ లేనిది' అని చూసి తీసుకోండి. బాగా పనిచేసే మిశ్రమం: 100 మిల్లీమోలార్ హెపెస్, 50 మిల్లీమోలార్ ఈజీటీఏ, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్, 2% ఫార్మాల్డిహైడ్, 0.2% ట్రైటాన్, పీహెచ్ 7. ముందే 37 డిగ్రీలకి వెచ్చబెట్టి అరగంట ఉంచాలి. చల్లటి ద్రావణంలో వేస్తే స్పిండిల్‌ని కట్టే మైక్రోట్యూబ్యూల్స్ (సన్నని ప్రోటీన్ గొట్టాలు) విడిపోతాయి, ఇక ఆక్టిన్‌ని దేనితో పోల్చి చూస్తాం?

అండకణం దాదాపు 80 మైక్రాన్లు. ఆయిల్ లెన్స్‌తో నడుమకి వెళ్లేసరికి చిత్రం మసకబారుతుంది, వాటర్ లెన్స్ వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కవర్‌స్లిప్ కింద నలిగితే టోపీ ఆకారం మారిపోతుంది. గాజు అడుగున్న డిష్‌లో చిన్న బిందువులో ఉంచి చూడటం మేలు. ఫాలోయిడిన్ పట్టు శాశ్వతం కాదు, మెల్లగా ఊడిపోతుంది కనుక ఒకటి రెండు రోజుల్లో చిత్రాలు తీసేయాలి.

కంట్రోల్‌కి (పోల్చి చూసుకోవడానికి) లాట్రన్‌క్యులిన్ (ఆక్టిన్ తంతువులు కట్టకుండా ఆపే మందు) పెట్టండి. సైటోకాలసిన్-డి అనే ఇంకో మందు అయితే ఆక్టిన్ చిన్న ముద్దలుగా పోగై మెరుస్తుంది, దాంతో మెరుపు తగ్గిందో లేదో తేల్చుకోవడం కష్టం. ఇంకో సంగతి: కోఫిలిన్ అనే ప్రోటీన్ దట్టంగా అతుక్కున్న తంతువులకి ఫాలోయిడిన్ పట్టదు, అందుకే రంగు తగ్గితే ఆక్టిన్ తగ్గిందని వెంటనే తేల్చేయకండి. సిర్-ఆక్టిన్ (బతికున్న కణాల్లో ఆక్టిన్‌ని చూపే రంగు) వేసిన కణాలకి ఫాలోయిడిన్‌ని మళ్లీ వేయడం వృథా, రెండూ ఒకే చోటికి పోటీ పడతాయి.

స్పిండిల్ కదలికని గంటల తరబడి వెంబడించాలంటే ఫాలోయిడిన్ పనికిరాదు, బతికున్న కణంలోకి ఇది దూరదు. దానికి యూట్రోఫిన్ అనే ప్రోటీన్‌లో ఆక్టిన్‌కి అతుక్కునే కాల్‌పోనిన్ భాగానికి జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) తగిలించి, దాన్ని తయారుచేసే ఆర్ఎన్ఏని ఇంజెక్ట్ చేయాలి. మోతాదు మాత్రం కనబడేంత వరకే. ఎక్కువైతే ఆ ప్రోబే తంతువుల్ని కదలనివ్వకుండా పట్టేస్తుంది.