సలహా బాగుంది, విడతల తీరు మారాలి: విజయవాడలో ఒక ఇంక్యుబేషన్ కేంద్రం సేవలపై సమీక్ష

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల కోసం, చేతుల మంట తగ్గించే తొడుగులు తయారుచేసే చిన్న సంస్థ మాది. విజయవాడలోని ఒక ఇంక్యుబేషన్ కేంద్రం (కొత్త సంస్థలు నిలదొక్కుకునేలా సలహా, చిన్న గ్రాంటు ఇచ్చే కేంద్రం) తొలిదశ సామాజిక సంస్థలకు, అంటే వ్యాపార పద్ధతిలో సమాజానికి మేలు చేసే సంస్థలకు, నడిపే కార్యక్రమంలో చేరి, ఇటీవలే పూర్తిచేశాము. ఇలాంటి ప్రయత్నంలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఆ సేవల మంచిచెడ్డలు రాస్తున్నాను.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది సలహాదారుల పనితీరు. మాకు కేటాయించిన సలహాదారు ఆఫీసులో ప్రజెంటేషన్ చూసి ఊరుకోకుండా, సీజన్‌లో షెడ్డుకు వచ్చి, మా తొడుగు వేసుకుని కూలీల పక్కన కూర్చుని తొడిమలు తీశారు. మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది గాని నీళ్లలో కరగదు; అందుకే అక్కడి ఆడవాళ్లు చేతులకు నూనె రాసుకుని పనిలో దిగుతారు. ఆ జిడ్డుకు తోడు చెమట చేరితే తొడుగు లోపల వేళ్లు జారి, తొడిమ చేతికి చిక్కదని ఆయన స్వయంగా చేసి చూసి తేల్చారు. కూలి కిలోల లెక్కన కాబట్టి, చేతికి ఎంత హాయిగా ఉన్నా పని నెమ్మదిస్తే ఆ తొడుగును ఎవరూ వేసుకోరు. వేళ్ల కొసల దగ్గర పలుచని అల్లిక పెట్టాలన్న నిర్ణయమూ, తొడుగుల ఖర్చును కూలీల మీద వేయకుండా, శుభ్రమైన సరుకు కోరుకునే ఎగుమతిదారుల చేత భరింపజేయాలన్న ఆలోచనా ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నందువల్ల వచ్చినవే.

సంస్థను ఏ రూపంలో నమోదు చేసుకోవాలన్న విషయంలోనూ వారి సలహా విలువైనది. కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైతే లాభం పంచుకునే వీలు లేదు కనుక వాటా కోరే పెట్టుబడిదారు రాడు. అయితే సెక్షన్ 135 పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి గనుక, ఆ నిధులకు దారి తెరుచుకుంటుంది. ప్రైవేట్ లిమిటెడ్‌గా నమోదై కేంద్ర ప్రభుత్వ స్టార్టప్ గుర్తింపు పొందితే, 2021-22 నుంచి నాలుగేళ్లకు ప్రకటించిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం కింద నమూనా దశకు రూ. 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్‌లోకి వెళ్లడానికి రూ. 50 లక్షల వరకు అప్పు లేదా కన్వర్టిబుల్ డిబెంచర్ల (తర్వాత వాటాలుగా మార్చుకోగల రుణపత్రాల) రూపంలో సాయం కోరే వీలుండేది. ఆ పథకానికి దరఖాస్తు చేసేనాటికి సంస్థ నమోదై రెండేళ్లు దాటకూడదన్న నిబంధన ఉండేది. మా ఆడిటరు కూడా ఇంత విడమరచి చెప్పలేదు.

ఇక నిధుల విడుదల విషయానికి వస్తే, నాకు గట్టి అభ్యంతరమే ఉంది. కేంద్రం తన తరఫున ఇచ్చే చిన్న గ్రాంటును విడతలుగా ఇస్తుంది. ఒక లక్ష్యం పూర్తయినట్టు కాగితాలు చూపి, కమిటీ సమావేశమై ఆమోదించాక గాని తర్వాతి విడత రాదు. పద్ధతిగా అది సబబే. కానీ గుంటూరు మిర్చి యార్డులో కొత్త పంట రద్దీ వేసవి సెలవులతో ముగుస్తుంది. మాకు రెండో విడత అందేసరికి యార్డు మూతపడింది, షెడ్డులో కూలీలు పలచబడ్డారు, కొత్త నమూనా పరీక్ష మరో పంట దాకా వాయిదా పడింది. సామాజిక సంస్థల్లో చాలావాటి పని పంటతోనో బడితోనో వానతోనో ముడిపడి ఉంటుంది గనుక, కమిటీ క్యాలెండర్‌ను వాటి సీజన్‌కు తగ్గట్టు సవరించాలి.

ప్రభావం కొలిచే ఫారం కూడా మారాలి. తొడుగులు ఎంతమందికి ఇచ్చారన్నదే అందులో అడుగుతారు. వారం తర్వాత ఎంతమంది ఇంకా వాడుతున్నారన్న గడి లేదు.

పని మొదలుపెట్టి, కొనేవారెవరో ఇంకా తేలనివారు ఇక్కడ నిస్సంకోచంగా చేరవచ్చు. చేరేవారు ఒప్పందం మీద సంతకం చేసే ముందు మీ సీజన్ నెలలు రాసిచ్చి, విడతల తేదీలు అందులోనే చేర్పించుకోండి.