గోదావరి డెల్టాలో బాణపు గుర్తు పనిముట్ల కోసం

రెండవ ప్రపంచ యుద్ధకాలపు చేతి పనిముట్లు సేకరించేవారు సాధారణంగా పెద్ద నగరాల పాత ఇనుము బజార్లకు వెళతారు. గోదావరి డెల్టా పేరు ఎవరూ తలచుకోరు. అయితే 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయన్న సంగతిని, యుద్ధం ముగిశాక మిగులు సైనిక సామగ్రిని ప్రభుత్వం డిస్పోజల్స్ పేరిట దేశమంతటా అమ్మివేసిన సంగతిని కలిపి చూస్తే, ఆ సరుకు ఇక్కడికి కూడా చేరి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. పడవల పని, రైస్ మిల్లులు, కాలువ లాకులు, లారీ షెడ్లు పక్కపక్కనే ఉన్న ప్రాంతం కనుక మంచి ఉక్కు పనిముట్టుకు ఇక్కడ ఏనాడూ పని తప్పలేదు. ఆ నమ్మకంతోనే సంక్రాంతి వెళ్లాక నేను, లేత్ ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా బావగారు కలిసి రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా తిరిగి వచ్చాము.

ఇలాంటి ప్రయాణానికి బయలుదేరేముందు గుర్తులు చదవడం నేర్చుకోవాలి. కాకి పాదంలా మూడు గీతలు ఒకచోట కలిసే బాణపు గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెబుతుంది. దానితో పాటు ఐ అనే ఇంగ్లిషు అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వపు సరుకు. చాలావాటి మీద 1942, 1943, 1944 వంటి సంవత్సరం కూడా అచ్చు వేసి ఉంటుంది. క్రోమియం, నికెల్ ఆయుధాలకే సరిపోని కాలం కాబట్టి అప్పటి పానాలకు మెరిసే పూత ఉండదు; నల్లని ఫాస్ఫేటు పూతో, ఉత్త ఇనుపరంగో కనిపిస్తుంది. ఇత్తడి కొరత వల్ల అమెరికాలో స్టాన్లీ కంపెనీ తన చిత్రిక పనిముట్లకు ఇత్తడి మరచక్రం బదులు నల్లని గట్టి రబ్బరుది పెట్టింది. బోల్టు తలల విషయం ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. విట్‌వర్త్ అనేది బోల్టు మరలకు బ్రిటన్‌లో వాడిన కొలతల పద్ధతి; యుద్ధంలో ఉక్కు పొదుపు చేయడానికి అక్కడ ఆ బోల్టు తలలను ఒక సైజు తగ్గించారు. అందువల్ల ఒకే పానా నోటి మీద పాత పద్ధతిలో 3/8 డబ్ల్యు అని, తగ్గించిన తలల పద్ధతిలో 7/16 బీఎస్ అని రెండు కొలతలు కనిపించవచ్చు; అవి నోటి వెడల్పువి కావు, బోల్టు మందానివి. ఈ వివరం తెలియనివారు దాన్ని తప్పుడు అచ్చు అనుకుని పక్కన పడేస్తారు.

రాజమహేంద్రవరంలో ఎక్కువ సమయం గడపలేదు. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం పురావస్తువులది, మన విషయానికి సంబంధించినది కాదు. ధవళేశ్వరంలో మాత్రం ఒక పూట ఆగవలసిందే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కథను చెప్పే కాటన్ మ్యూజియం అక్కడ ఉంది. యుద్ధానికి చాలా ముందునాటి పనులు ఎలా సాగాయో ఒకసారి చూసినవారికి, డెల్టాలో కొలిమి పని, ఫిట్టరు పని తరతరాలుగా ఎందుకు నిలిచాయో అర్థమవుతుంది. రాత్రి బస గోదావరి స్టేషను దగ్గర ఒక లాడ్జిలో చేశాము. గది శుభ్రంగానే ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బరువైన ఇనుము మోసేవారికి అది అనువైన చోటు కాదు.

ఈ ప్రయాణంలో నా మనసుకు బాగా దగ్గరైన చోటు తాళ్లరేవు. అక్కడి కాలువ ఒడ్డున కొయ్య పడవలు కట్టే మేస్త్రులు ఇప్పటికీ బాడిస, ఉలి, సమ్మెటలతో పని చేస్తున్నారు. ఒక షెడ్డులో పడవ పక్కపలకను పట్టి ఉంచిన జీ క్లాంపు (జీ అక్షరం ఆకారంలో ఉండే మర బిగింపు) మీద బాణపు గుర్తు, 1943 అంకె స్పష్టంగా కనిపించాయి. అమ్ముతారా అని అడిగితే ఆ పెద్దాయన నొచ్చుకోకుండానే, “ఇది మా నాన్నగారు వాడిందండి. పలక వంచి బిగించాలంటే ఇదే ఉండాలండి, కొత్తవాటి మర జారిపోతోంది. అమ్మేది కాదండి” అన్నారు. బావగారు వెంటనే, “అమ్మొద్దు మేస్త్రిగారూ, మర మీద తుప్పు తీసి కాస్త గ్రీజు పెడతాను, అనుమతి ఇవ్వండి” అన్నారు. “ఆయ్, మీ చేత్తో పెట్టండి” అని ఆయన పలక వదులు చేసి ఇచ్చారు. కిరోసిను గుడ్డతో మర శుభ్రం చేస్తుండగా, కలపకు పట్టిన ఉప్పు తేమ ఇనుమును ఎక్కడ ముందుగా తింటుందో ఆయన వేలు పెట్టి చూపించారు. పనిలో ఉన్న పనిముట్టును డబ్బు చూపి లాక్కోవడం సేకరణ అనిపించుకోదని నా అభిప్రాయం. కొనుగోలు కోసం తాళ్లరేవుకు వెళ్లనక్కర లేదు. ఆ వస్తువు దేనికి పుట్టిందో తెలుసుకోవడానికి తప్పకుండా వెళ్లాలి.

కొనవలసింది కాకినాడలో. రేవుకు దగ్గరగా ఉన్న పాత ఇనుము కొట్లలో సరుకును తూకానికి అమ్ముతారు, కానీ గుర్తు ఉన్న ముక్కను మనం చేతిలోకి తీసుకోగానే ధర మారిపోతుంది. అందుచేత అవసరమైనవాటిని మరికొన్ని మామూలు వస్తువులతో కలిపి ఒకేసారి తూకం వేయించుకోవడం మంచిది. నకిలీ గుర్తులను కనిపెట్టడానికి భూతద్దం చాలు: అసలు అచ్చు లోపల తుప్పు, చుట్టుపక్కల తుప్పు ఒకే వయసువిగా కనిపిస్తాయి, కొత్తగా కొట్టిన అచ్చు అంచులు పైకి లేచి, లోతున తాజా లోహం మెరుస్తుంది. ఒక కొట్లో ఇలాంటి తాజా బాణం ఉన్న సుత్తిని మాకు అంటగట్టాలని చూశారు. పక్క కొట్టు యజమాని మాత్రం ఓపికగా గోనెసంచి మొత్తం నేల మీద గుమ్మరించి చూడనిచ్చాడు. అందులోనే విట్‌వర్త్ పానాలు కొన్ని, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ కంపెనీ వైసు (వస్తువును బిగించి పట్టే పరికరం) ఒకటి దొరికాయి. బస ఈసారి నేల అంతస్తులో, వెనక కుళాయి ఉన్న చిన్న లాడ్జిలో దొరికింది. గది పాతదే అయినా మా అవసరానికి అదే సరిపోయింది.

కోటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం దిగి అమలాపురం మీదుగా రాజోలు వైపు వెళ్లాము. దారిలో మూతపడిన ఒక రైస్ మిల్లులో పాత ఆయిల్ ఇంజను పక్కన గోడకు పానాలు వరుసగా వేలాడుతున్నాయి. యజమాని గారు వాటిలో ఇక వాడనివి సంతోషంగా ఇచ్చారు, ఇంజనుకు సరిపోయే రెండు పానాలను మాత్రం దానితోనే ఉంచమన్నారు, మేమూ అదే సరైనదనుకున్నాము. దిండి దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంట్లో అద్దెకు గది తీసుకున్నాము. ఈ ప్రయాణం మొత్తంలో అంతకంటే మంచి బస లేదు: పెద్ద వాకిలి, నీడ, చేపల పులుసుతో భోజనం, ఇనుము పరచుకుంటామంటే విసుక్కోని ఇంటివారు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు తరచుగా ఉప్పగా ఉంటాయి. ఆ నీటితో కడిగితే లవణాలు ఇనుము మీది తుప్పు గుంతల్లో చేరి, నూనె రాసినా అడుగు నుంచి తుప్పు మళ్లీ వస్తుంది. మేము తాగే నీళ్ల టిన్నులు కొని కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పట్టించి గుడ్డలో చుట్టాము. కొన్న రోజే ఈ మాత్రం చేయకపోతే డెల్టా గాలి మన కోసం ఆగదు.

సఖినేటిపల్లి నుంచి మళ్లీ పంటు మీద నరసాపురం దాటి పాలకొల్లు చేరినప్పుడు ఒక రేకు పనిముట్ల పెట్టె దొరికింది. పైన నీలం, దాని కింద ఎరుపు, అడుగున ఖాకీ రంగు, మూత లోపల స్టెన్సిల్ అక్షరాలు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా గీకకూడదు. తడి చేసి, మాస్కు పెట్టుకుని, ఖాకీ పొర కనిపించగానే ఆపివేయాలి. స్టెన్సిల్ ఉన్నచోట సబ్బు నీళ్లు తప్ప మరేదీ తగిలించలేదు. కొత్త రంగు వేసి తళతళలాడించిన పెట్టె కంటే అక్షరం మిగిలిన పెట్టె విలువైనదని నా నమ్మకం.

బాగా తుప్పు పట్టిన పానాలను ఇంటికి వచ్చాక విద్యుత్తుతో శుభ్రం చేశాము. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలిపి, పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగను పానాకు, పాజిటివ్ తీగను పాత ఇనుప పట్టీకి తగిలించాలి; ఆ రెండూ ఒకదానికొకటి తాకకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలును పట్టీగా వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలో చేరుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. గ్రైండరు పెట్టి అచ్చు అక్షరాలు అరిగించడం కంటే ఈ నిదానమైన పద్ధతి ఎంతో మేలు.

బరువైన సరుకును వెంట మోసుకోకుండా ఉలుల అంచులకు అట్ట చుట్టి, కొయ్యపెట్టెలో పెట్టి మూతకు మేకులు కొట్టి, బస్సు పార్సిలులో పంపాము. అన్నీ క్షేమంగా చేరాయి. వర్షాకాలంలో కంటే జనవరి నుంచి మార్చి వరకు వెళ్లడం ఆరబెట్టుకునే పనికి అనుకూలం. విట్‌వర్త్ వరుసలో 1/4 పానా మాత్రం ఇంకా దొరకలేదు. కాకినాడ కొట్టు యజమానికి కాగితం మీద దాని నోటి బొమ్మ గీసి, ఫోను నంబరు రాసి ఇచ్చి వచ్చాము.